కెర్నల్ ఆటోమేటిక్ టెస్టింగ్: ఏ వర్చువల్ డివైస్ వాడాలి, ఏ బోర్డు వాడాలి? (తరచుగా అడిగే ప్రశ్నలు)

లినక్స్ కెర్నల్‌కి ప్యాచ్ రాసి, దాన్ని ఎక్కడ బూట్ చేసి చూడాలో తెలియక ఆగిపోయే వాళ్ల కోసం ఈ పేజీ. ఉదాహరణలన్నీ టక్స్‌రన్ అనే టూల్ చుట్టూ, దాని కింద పనిచేసే లావా చుట్టూ తిరుగుతాయి. మీరు మరో టూల్ వాడుతున్నా డివైస్‌ల గురించి చెప్పిన సంగతులు చాలావరకు అలాగే వర్తిస్తాయి.

టక్స్‌రన్ అసలు ఏం చేస్తుంది?

మీరు ఒక కెర్నల్ ఇమేజ్ ఇస్తారు, డివైస్ పేరు చెబుతారు, కావాలంటే టెస్టుల పేర్లు కూడా చెబుతారు. అది ఆ డివైస్ మీద కెర్నల్‌ని బూట్ చేసి, లాగిన్ అయి, టెస్టులు నడిపి, ఫలితం చెబుతుంది. పైథాన్‌లో రాసిన కమాండ్‌లైన్ టూల్ ఇది. పని మొత్తం పోడ్‌మ్యాన్ లేదా డాకర్ కంటైనర్‌లో జరుగుతుంది కాబట్టి మీ మెషీన్‌లో క్యూఎము (వేరే ప్రాసెసర్లనీ మెషీన్లనీ సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే ఎమ్యులేటర్) విడిగా ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు. కెర్నల్ బిల్డ్ చేయడం దీని పని కాదు. దానికి టక్స్‌మేక్ అనే జంట టూల్ ఉంది. టక్స్‌మేక్ బిల్డ్ చేసి పెట్టిన ఫోల్డర్‌ని నేరుగా టక్స్‌రన్‌కి చూపించవచ్చు.

మరి లావా ఎందుకు?

లావా పాతది, పెద్దది. ఆర్మ్ ప్రపంచంలో లినక్స్ పని చేసే లినారో సంస్థ దీన్ని తన బోర్డుల ల్యాబ్ కోసం మొదలుపెట్టింది. ర్యాక్ నిండా బోర్డులు, వాటికి పవర్ స్విచ్‌లు, సీరియల్ కేబుళ్లు, జాబ్‌ల క్యూ, వీటన్నిటినీ నడిపే సర్వర్ అది. అందులో బోర్డుతో నేరుగా మాట్లాడే భాగాన్ని డిస్పాచర్ అంటారు. టక్స్‌రన్ ఆ డిస్పాచర్‌ని మాత్రమే తీసుకుని, సర్వర్ లేకుండా మీ ల్యాప్‌టాప్‌లో నడుపుతుంది. అందుకే లాగ్‌లు రెండింట్లోనూ ఒకేలా కనిపిస్తాయి.

ఇక్కడ డివైస్ అంటే ఏమిటి? బోర్డా, ప్రాసెసరా?

రెండూ కాదు. కెర్నల్‌ని ఎక్కించి, బూట్ చేసి, దాని కన్సోల్ చదవడానికి కావలసిన వివరాల కట్టకి పెట్టిన పేరు అది. ఏ రకం ఇమేజ్ కావాలి, కన్సోల్ ఏ పోర్టు, రూట్ ఫైల్ సిస్టమ్ (బూట్ అయ్యాక కావలసిన ప్రోగ్రాములు, ఫైళ్లు ఉండే చోటు) ఎలా చేరాలి, బూట్ అయిందని ఏ వాక్యం చూసి గుర్తించాలి, ఎంతసేపు ఆగాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. ఒకే బోర్డుకి రెండు డివైస్ పేర్లు ఉండవచ్చు: ఒకటి నెట్‌వర్క్ మీద రూట్ ఎక్కించే పద్ధతికి, ఇంకొకటి ఫ్లాష్ చేసే పద్ధతికి.

వర్చువల్ డివైస్‌లు ఏవేవి దొరుకుతాయి?

ఎక్కువ భాగం క్యూఎము మీద నడిచేవే. 64 బిట్ల ఆర్మ్, 32 బిట్ల ఆర్మ్‌లో వీ5, వీ7, ఎక్స్86లో 32, 64 బిట్ల రెండు రకాలు, రిస్క్-ఫైవ్, మిప్స్, పవర్‌పీసీ, ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల ఎస్390, స్పార్క్64, ఎస్‌హెచ్4 వగైరా. మిప్స్, పవర్‌పీసీలకి బిగ్ ఎండియన్, లిటిల్ ఎండియన్ (సంఖ్యలోని బైట్లని పెద్దవైపు నుంచి లేదా చిన్నవైపు నుంచి మెమరీలో పేర్చే రెండు పద్ధతులు) రూపాలు విడివిడిగా ఉన్నాయి. 32 బిట్ల ఆర్మ్‌కి బిగ్ ఎండియన్ రూపం కూడా ఉంది. ఇవి కాక ఆర్మ్ కంపెనీ ఇచ్చే ఎఫ్‌వీపీ మోడళ్లు ఉన్నాయి, వాటి సంగతి కింద చెబుతాను.

ఈ జాబితా వెర్షన్‌తో పాటు మారుతుంది. ఎక్కడో చదివిన పేరుని నమ్ముకోకండి. డివైస్‌ల జాబితా చూపించమని టూల్‌నే అడగండి, దానికి ఒక ఆప్షన్ ఉంది.

స్పార్క్, ఎస్390, ఎస్‌హెచ్4 ఎవరు వాడుతున్నారు? వాటి మీద నేనెందుకు టెస్ట్ చేయాలి?

మీ కోడ్ ఫలానా డ్రైవర్‌కే పరిమితమైతే అక్కర్లేదు. కానీ ఫైల్ సిస్టమ్, నెట్‌వర్కింగ్, మెమరీ మేనేజ్‌మెంట్ లాంటి అందరూ పంచుకునే కోడ్‌ని ముట్టుకుంటే ఇవి బాగా పనికొస్తాయి. మనం రోజూ వాడే ఎక్స్86, 64 బిట్ల ఆర్మ్ రెండూ లిటిల్ ఎండియన్ మీద నడిచేవే, సాధారణంగా పేజీ సైజు కూడా 4 కేబీయే. అందుకే బైట్ల క్రమం గురించి మర్చిపోయిన కోడ్ ఆ రెండింటి మీదా హాయిగా నడిచి, ఎస్390 మీద మొదటి ప్యాకెట్‌కే పడిపోతుంది. స్పార్క్64లో పేజీ 8 కేబీ. పేజీ అంటే 4096 అని నేరుగా రాసేసిన చోట్లు అక్కడ బయటపడతాయి. 32 బిట్ల డివైస్‌లేమో పాయింటర్‌నీ 64 బిట్ల సంఖ్యనీ ఒకటే అనుకున్న చోట్లని పట్టిస్తాయి.

అసలు మెయిన్‌ఫ్రేమ్ ఎవరి టేబుల్ మీదా ఉండదు. దాని బైట్ల క్రమంలో కోడ్ నడిపి చూసే అవకాశం ఉచితంగా దొరుకుతోంది, వాడుకోకపోవడానికి నాకైతే కారణం కనిపించదు.

క్యూఎములో పాసైన కెర్నల్ అసలు బోర్డు మీద కూడా పాసవుతుందా?

అందరూ అడిగే ప్రశ్న ఇది. ఒక్క మాటలో చెప్పాలంటే, క్యూఎములో ఫెయిలైతే చాలాసార్లు నిజంగానే కోడ్‌లో తప్పుంటుంది. పాసైతే మాత్రం దాని అర్థం మీరు అనుకున్నంత పెద్దది కాదు.

మొదట డ్రైవర్లు. క్యూఎములోని 64 బిట్ల ఆర్మ్ డివైస్ వాడే మెషీన్ పేరు వర్ట్. అలాంటి బోర్డు ప్రపంచంలో ఎక్కడా లేదు. అందులో ఉన్నవి వర్ట్ఐఓ (వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన) డిస్క్, వర్ట్ఐఓ నెట్‌వర్క్, ఒక పీఎల్011 సీరియల్ పోర్టు, ఇలా కొన్నే. బోర్డుల మీద ఉండే క్లాక్‌లు, రెగ్యులేటర్లు, పవర్ డొమైన్లు, పిన్ కంట్రోలర్లు అందులో ఉండవు. ఏదో చిప్ క్లాక్ డ్రైవర్‌లో మీరు పెట్టిన తప్పు అక్కడ కంపైల్ అవుతుందేమో గానీ ఒక్క లైనూ నడవదు. సస్పెండ్, రెస్యూమ్, వేడెక్కినప్పుడు వేగం తగ్గించడం, ఇవీ అంతే.

రెండోది క్యాష్. క్యూఎము ప్రాసెసర్ క్యాష్‌లని అనుకరించదు. డీఎంఏ (డిస్క్, నెట్‌వర్క్ లాంటి హార్డ్‌వేర్ నేరుగా మెమరీని చదివి రాసే పద్ధతి) బఫర్‌ని ఆ హార్డ్‌వేర్‌కి అప్పగించే ముందు క్యాష్ ఫ్లష్ చేయడం మర్చిపోతే, డీఎంఏకీ క్యాష్‌కీ పొందిక లేని అసలు బోర్డు మీద డేటా చెడిపోతుంది. క్యూఎములో ప్రతి రాతా వెంటనే మెమరీలో కనిపిస్తుంది కాబట్టి ఎన్నిసార్లు నడిపినా ఏమీ తేడా కనపడదు.

మూడోది చాలామందికి తట్టదు: మెమరీ ఆర్డరింగ్. ఆర్మ్ ప్రాసెసర్ రాతల్నీ చదువుల్నీ ముందూవెనకా చేసేందుకు చాలా స్వేచ్ఛ తీసుకుంటుంది. ఎక్స్86 అంత స్వేచ్ఛ తీసుకోదు. మీరు ఎక్స్86 ల్యాప్‌టాప్‌లో క్యూఎము పెట్టి ఆర్మ్ కెర్నల్ నడిపితే, ఆర్మ్ ఇన్‌స్ట్రక్షన్లు చివరికి ఎక్స్86 ఇన్‌స్ట్రక్షన్లుగా మారి ఎక్స్86 కోర్ల మీదే నడుస్తాయి. అంటే ఆ కోర్ల క్రమశిక్షణ మీ ఆర్మ్ కోడ్‌కి ఉచితంగా అందుతుంది. ఒక బ్యారియర్ (ఇక్కడ క్రమం తప్పవద్దని ప్రాసెసర్‌కి చెప్పే ఇన్‌స్ట్రక్షన్) మర్చిపోయినా టెస్టు నెలల తరబడి పాసవుతూనే ఉండవచ్చు. అదే కెర్నల్‌ని నాలుగు కోర్ల అసలు ఆర్మ్ బోర్డు మీద లోడ్‌తో నడిపితే, అరుదుగానే అయినా, లాక్ పాడవుతుంది, లిస్టు తెగిపోతుంది. లాక్‌లెస్ (లాక్ వేయకుండా డేటా పంచుకునే) కోడ్ రాసేవాళ్లు ఎమ్యులేటర్ ఫలితాన్ని ఆధారంగా చూపిస్తే నేను ఒప్పుకోను.

నాలుగోది ఎర్రాటా. నిర్దిష్ట కోర్లలో ఉన్న హార్డ్‌వేర్ లోపాలకి కెర్నల్‌లో విరుగుళ్లు ఉంటాయి. ప్రాసెసర్ గుర్తింపు సంఖ్య చూసి అవి ఆన్ అవుతాయి. ఎమ్యులేటర్‌లో కోర్ పేరు మార్చి ఆ కోడ్‌ని నడిపించవచ్చు, కానీ ఆ లోపం అక్కడ లేదు కదా, విరుగుడు పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

అయినా క్యూఎముని తక్కువ చేయను. స్టేబుల్ కెర్నల్ విడుదల ముందు వచ్చే రిలీజ్ క్యాండిడేట్‌లని చూడటానికి మామూలుగా 48 గంటలే ఇస్తారు. అంతలో పదిహేను ఆర్కిటెక్చర్ల మీద, రకరకాల కాన్ఫిగ్‌లతో బూట్ చేసి చూడాలంటే వర్చువల్ డివైస్‌లు తప్ప దారి లేదు. అవి ఎన్ని కావాలంటే అన్ని పుడతాయి, పాడవ్వవు, క్యూలో నిలబడవు.

కేవీఎం ఆన్ చేస్తే వేగం పెరుగుతుందా?

చాలా పెరుగుతుంది, కానీ మీ మెషీన్, మీరు టెస్ట్ చేసే కెర్నల్ ఒకే ఆర్కిటెక్చర్ అయినప్పుడే. కేవీఎం (వర్చువల్ మెషీన్లు నడపడానికి లినక్స్ కెర్నల్‌లోనే ఉన్న సదుపాయం) 2007లో 2.6.20 కెర్నల్‌తో వచ్చింది. ఇన్‌స్ట్రక్షన్లని అనువదించే బదులు నేరుగా అసలు కోర్ మీదే నడుపుతుంది. అందుకే పైన చెప్పిన మెమరీ ఆర్డరింగ్ లోటు కూడా తీరుతుంది: ఆర్మ్ సర్వర్ మీద కేవీఎంతో నడిపిన ఆర్మ్ కెర్నల్ నిజమైన ఆర్మ్ కోర్ మీదే నడుస్తున్నట్టు. బోర్డు కొనే ముందు ఒక ఆర్మ్ సర్వర్‌ని కాసేపు అద్దెకి తీసుకుని ఇలా చూడటం మంచి మధ్యేమార్గం.

రెండు ఇబ్బందులు. క్లౌడ్‌లో అద్దెకి తీసుకున్న మెషీన్ తానే వర్చువల్ అయితే దాని లోపల మళ్లీ కేవీఎం దొరకకపోవచ్చు. రెండోది, 64 బిట్ల ఆర్మ్ మెషీన్ మీద 32 బిట్ల కెర్నల్‌ని కేవీఎంతో నడపాలంటే ఆ కోర్‌కి పాత 32 బిట్ల మోడ్ ఉండాలి. కొత్త సర్వర్ కోర్లు చాలావాటిలో దాన్ని తీసేశారు.

కేవీఎం వాడితే మీ మెషీన్ కోర్‌లో ఉన్న ఫీచర్లే టెస్ట్ అవుతాయి. ఇంకా మార్కెట్లోకి రాని ఫీచర్లు కావాలంటే ఎమ్యులేషనే గతి.

64 బిట్ల ఆర్మ్ క్యూఎము డివైస్ మరీ నెమ్మదిగా ఉంది. ఎందుకు?

అన్ని ఫీచర్లూ ఉన్న మ్యాక్స్ అనే కోర్ మోడల్ వాడుతుంటే, ముందు పాయింటర్ ఆథెంటికేషన్ సంగతి చూడండి. ప్రతి ఫంక్షన్ మొదట్లో, చివర్లో రిటర్న్ అడ్రస్‌కి సంతకం పెట్టి సరిచూసే ఫీచర్ అది. హార్డ్‌వేర్‌లో క్షణంలో అయిపోయే లెక్క, దాని అసలు అల్గారిథమ్‌ని సాఫ్ట్‌వేర్‌లో చేస్తే బూట్ సాగదీసినట్టు అవుతుంది. సులువైన లెక్కతో సరిపెట్టే ఆప్షన్ క్యూఎములో ఉంది. టక్స్‌రన్ ఆర్మ్ డివైస్ దాన్ని తనే పెట్టుకుంటుంది, మీరు సొంతంగా పాత వెర్షన్ క్యూఎము నడుపుతుంటే మాత్రం చూసుకోవాలి. ఆ తర్వాత కాసాన్ (మెమరీ వాడకంలో తప్పులు పట్టేది), లాక్‌డెప్ (లాక్‌ల వాడకంలో తప్పులు పట్టేది) లాంటి డీబగ్ ఆప్షన్లు చూడండి. ఎమ్యులేషన్ నెమ్మదికి వాటి బరువు తోడైతే టైమ్‌అవుట్ పెంచక తప్పదు.

ఎఫ్‌వీపీ అంటే ఏమిటి? క్యూఎము ఉండగా అదెందుకు?

ఆర్మ్ కంపెనీ స్వయంగా తయారు చేసే సాఫ్ట్‌వేర్ మోడళ్లు ఇవి. ఆర్కిటెక్చర్‌కి కొత్త ఫీచర్ ప్రకటించాక సిలికాన్ రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ లోపు కెర్నల్‌లో దాని కోడ్ రాసేవాళ్లు ముందుగా ఆధారపడేది వీటి మీదే. భద్రత కోసం పాయింటర్లనే మార్చేసిన ప్రయోగాత్మక మొరెల్లో ప్లాట్‌ఫామ్‌కి కూడా ఎఫ్‌వీపీ ఉంది. ఇందులో బూట్ కూడా అసలు బోర్డులాగే ఫర్మ్‌వేర్ నుంచి మొదలవుతుంది. కాబట్టి కెర్నల్‌తో పాటు ఫర్మ్‌వేర్ ఫైళ్లూ ఇవ్వాలి. నెమ్మదితనంలో మాత్రం క్యూఎముని మించిపోతుంది. లైసెన్స్ షరతులు ఉన్నాయి కాబట్టి మోడల్ ఉన్న కంటైనర్‌ని మీరే తయారు చేసుకోవాల్సి రావచ్చు. కొత్త ఆర్మ్ ఫీచర్ మీద పని లేకపోతే దీని జోలికి పోనక్కర్లేదు.

అసలు బోర్డుల్లో ఏవి వాడుతుంటారు?

కెర్నల్ టెస్ట్ ల్యాబ్‌లలో తరచుగా కనిపించే పేర్లు: డ్రాగన్‌బోర్డ్ 410సీ (నాలుగు కార్టెక్స్ ఏ53 కోర్లు), డ్రాగన్‌బోర్డ్ 845సీ, ఆర్మ్ వాళ్ల జూనో ఆర్2 (రెండు ఏ72, నాలుగు ఏ53), ఆర్‌కే3399 చిప్ ఉన్న రాక్ పై 4, రాస్ప్‌బెర్రీ పై 4, 32 బిట్ల వైపు బీగల్‌బోర్డ్ ఎక్స్15 (రెండు ఏ15 కోర్లు). ఎక్స్86 వైపు మామూలు సర్వర్లు, చిన్న పీసీలు.

జూనో, రాక్ పై లాంటి పెద్ద-చిన్న కోర్ల బోర్డుకి నా ఓటు ఒకటి ఎక్కువ పడుతుంది. షెడ్యూలర్‌లో తప్పులు, కోర్‌కో తీరుగా ఉండే ఫీచర్లతో వచ్చే తప్పులు ఒకే రకం కోర్లున్న బోర్డు మీద కనిపించవు.

ఏ బోర్డైనా ఆటోమేటిక్ టెస్టింగ్‌కి పనికొస్తుందా?

రాదు. మనిషి చెయ్యి పెట్టకుండా చచ్చిపోయిన స్థితి నుంచి మళ్లీ లేవగలగాలి, అదీ ప్రతిసారీ. ఇది ఒక్కటే అసలు పరీక్ష. కొనే ముందు చూడాల్సినవి ఇవి.

కరెంట్ తీసి ఇచ్చినంత మాత్రాన బోర్డు దానంతట అదే ఆన్ అవ్వాలి. పవర్ బటన్ నొక్కితేనే లేచే బోర్డులు ఉన్నాయి, వాటికి రిలే అతికించాల్సి వస్తుంది. యూఎస్‌బీ కేబుల్ ద్వారా కొద్దిగా కరెంట్ లోపలికి కారి, మెయిన్ పవర్ తీసినా పూర్తిగా ఆగని బోర్డులు ఇంకా తలనొప్పి: చిప్ సగం నిద్రలో ఉండి, తర్వాతి బూట్ వింతగా ప్రవర్తిస్తుంది.

సీరియల్ కన్సోల్ తప్పనిసరి. బూట్‌లోడర్‌తో (కెర్నల్‌ని ఎక్కించే తొలి ప్రోగ్రామ్) సహా మొత్తం బూట్ అందులో కనిపించాలి, బూట్‌లోడర్‌ని మధ్యలో ఆపగలగాలి. మామూలు వేగం 1,15,200 బాడ్. కొన్ని చిప్‌లు 15 లక్షల బాడ్ వాడతాయి, రాక్ పై వాటిలో ఒకటి. నాసిరకం యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ ఆ వేగంలో అక్షరాలు మింగేస్తుంది. ఒకే మోడల్ కేబుళ్లు రెండు కొంటే రెండింటికీ ఒకే సీరియల్ నంబర్ ఉండే అవకాశం కూడా ఉంది, అప్పుడు ఏది ఏ బోర్డుదో మెషీన్‌కి తెలియదు.

బూట్‌లోడర్ ఉన్న చోటుని టెస్టు ఎప్పుడూ చెరిపేయకూడదు. అది ఎస్‌డీ కార్డులో ఉండి, మీ టెస్టు ఆ కార్డునే ఫార్మాట్ చేస్తే బోర్డు దగ్గరికి నడిచి వెళ్లాల్సిందే. కార్డుని ఓసారి బోర్డుకి, ఓసారి పీసీకి కలిపే ఎస్‌డీ మక్స్ అనే చిన్న పరికరం ఉంటే ఈ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

ఎన్ఎఫ్ఎస్, ఫాస్ట్‌బూట్, ఎస్‌ఎస్‌హెచ్: వీటి మధ్య తేడా ఏమిటి?

ఎన్ఎఫ్ఎస్ పద్ధతిలో బూట్‌లోడర్ కెర్నల్‌ని నెట్‌వర్క్ నుంచి టీఎఫ్‌టీపీతో తెచ్చుకుంటుంది, రూట్ ఫైల్ సిస్టమ్ కూడా నెట్‌వర్క్ మీదే ఉంటుంది. బోర్డులోని ఫ్లాష్ మీద ఏమీ రాయదు. ఫ్లాష్‌కి రాతల పరిమితి ఉంటుంది కాబట్టి రోజంతా జాబ్‌లు నడిచే బోర్డుకి ఇదే మేలు. ఒక చిక్కుంది: ఈథర్నెట్ డ్రైవర్ పాడైతే రూట్ ఫైల్ సిస్టమే దొరకదు, టెస్టులు ఒక్కటీ మొదలవ్వవు. రిపోర్టులో బూట్ ఫెయిల్ అని మాత్రమే కనిపిస్తుంది, మిగతా కెర్నల్ అంతా బాగున్నా సరే.

ఫాస్ట్‌బూట్ ఆండ్రాయిడ్ తరహా బోర్డులకి. డ్రాగన్‌బోర్డులు ఈ కోవవే. కెర్నల్‌నీ డివైస్ ట్రీనీ (బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నల్‌కి చెప్పే ఫైల్) కలిపి ఒక బూట్ ఇమేజ్ చేసి యూఎస్‌బీ మీద పంపుతారు. రూట్ ఇమేజ్‌ని ప్రతి జాబ్‌కీ ఫ్లాష్ చేసే పద్ధతైతే నెమ్మదిగా ఉంటుంది, పైగా ఈఎంఎంసీ (బోర్డులోని ఫ్లాష్) అరుగుతుంది.

ఎస్‌ఎస్‌హెచ్ డివైస్ వేరే జాతి. అప్పటికే నడుస్తున్న మెషీన్‌లోకి లాగిన్ అయి టెస్టులు నడుపుతుంది, అంతే. కెర్నల్‌ని అది మార్చదు. మీ ప్యాచ్ ఉన్న కెర్నల్‌ని మీరే ముందు ఎక్కించి ఉండాలి. టెస్టు మధ్యలో మెషీన్ ప్యానిక్ అయితే (కెర్నల్ కోలుకోలేక ఆగిపోతే) సీరియల్ లాగ్ కూడా చేతికి రాదు. సర్వర్ మీద పెర్ఫార్మెన్స్ కొలతలకి బాగుంటుంది, బూట్ టెస్టుకి కాదు.

టైమ్‌అవుట్ అని ఆగిపోయింది, లాగ్‌లో ఒక్క లైనూ లేదు. కెర్నల్ చచ్చిపోయిందా?

చాలాసార్లు అది బతికే ఉంటుంది, ఎక్కడో మనం వినని పోర్టులో మాట్లాడుతుంటుంది. కన్సోల్ పేరు డివైస్‌ని బట్టి మారుతుంది. ఆర్మ్ వర్ట్ మెషీన్‌లో టీటీవైఏఎంఏ0, ఎక్స్86లో టీటీవైఎస్0, 64 బిట్ల పవర్‌పీసీలో హెచ్‌వీసీ0. పేరు సరిగ్గా ఉన్నా, ఆ సీరియల్ డ్రైవర్‌ని కెర్నల్‌లోకి కాకుండా మాడ్యూల్‌గా బిల్డ్ చేస్తే బూట్ సమయంలో నోరు పెగలదు. ఇమేజ్ రకం కూడా చూడండి: 64 బిట్ల ఆర్మ్‌కీ రిస్క్-ఫైవ్‌కీ ఇమేజ్, 32 బిట్ల ఆర్మ్‌కి జడ్‌ఇమేజ్, ఎక్స్86కి బీజడ్‌ఇమేజ్, మిప్స్‌కి వీఎంలినక్స్. ఇవన్నీ సరిపోయాకే ఎర్లీకాన్ (అసలు కన్సోల్ డ్రైవర్ లేవకముందే మెసేజ్‌లు చూపించే బూట్ ఆప్షన్) పెట్టి నిజంగా కెర్నల్ తొలి మెట్టులోనే పడిపోయిందేమో చూడండి.

రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ కాలేదంటూ ప్యానిక్ వస్తోంది.

బ్లాక్ నంబర్ సున్నా, సున్నా అని చూపిస్తే కెర్నల్‌కి ఆ డిస్కే కనపడలేదని అర్థం. క్యూఎములో అయితే వర్ట్ఐఓ బ్లాక్, వర్ట్ఐఓ పీసీఐ, ఎక్స్‌ట్4 ఈ మూడూ కెర్నల్‌లోనే ఉన్నాయా చూడండి. ఊరికే డీఫ్‌కాన్ఫిగ్ (కెర్నల్‌తో పాటే వచ్చే మామూలు కాన్ఫిగ్) వాడిన చోట 64 బిట్ల ఆర్మ్‌కి ఈ ఇబ్బంది మామూలుగా రాదు. చిన్న కాన్ఫిగ్ సొంతంగా చేసుకున్నప్పుడే వస్తుంది.

ఏ టెస్టులు నడపాలి?

ఏ టెస్టూ చెప్పకపోతే బూట్ మాత్రమే చూస్తుంది, చాలా ప్యాచ్‌లకి మొదటి జల్లెడగా అదే చాలు. తర్వాత ఎల్‌టీపీ (లినక్స్ టెస్ట్ ప్రాజెక్ట్) అనే టెస్టుల కట్టలో స్మోక్ అనే చిన్న భాగం, మీరు ముట్టుకున్న విభాగానికి సంబంధించిన కేసెల్ఫ్‌టెస్ట్. కేసెల్ఫ్‌టెస్ట్ కెర్నల్ సోర్స్‌లోనే ఉంటుంది, దాన్ని మీ కెర్నల్‌తో పాటే బిల్డ్ చేయాలి, దాని కాన్ఫిగ్ ముక్కలు కలపాలి. కలపకపోతే టెస్టులు ఫెయిల్ అవ్వవు, స్కిప్ అవుతాయి, అంతా పచ్చగా కనిపిస్తుంది. స్కిప్‌లని లెక్కపెట్టని రిపోర్టుని నమ్మవద్దు. 2020 జనవరిలో వచ్చిన 5.5 కెర్నల్ నుంచి కేయూనిట్ (కెర్నల్ లోపలే నడిచే యూనిట్ టెస్టుల పద్ధతి) ఉంది, దానికి డివైస్‌తో పెద్దగా పనిలేదు.

పెర్ఫార్మెన్స్ టెస్టులు క్యూఎము ఎమ్యులేషన్‌లో నడపడం దండగ. ఆ అంకెలు మీ ల్యాప్‌టాప్ ఆ క్షణంలో ఎంత బిజీగా ఉందో చెబుతాయి, కెర్నల్ గురించి కాదు.

ఫెయిల్ అయింది. తప్పు కెర్నల్‌దా, ల్యాబ్‌దా?

బోర్డులతో పనిచేసేవాళ్ల సమయం ఎక్కువగా పోయేది ఈ ప్రశ్న దగ్గరే. లావా ఈ రెండింటినీ వేరు చేయడానికి ప్రయత్నిస్తుంది: ఫైల్ డౌన్‌లోడ్ కాకపోవడం, పవర్ స్విచ్ పలకకపోవడం లాంటివి ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఎర్రర్, జాబ్ రాయడంలో తప్పు జాబ్ ఎర్రర్, టెస్టు నడుస్తూ పడిపోతే టెస్ట్ ఎర్రర్. వర్గీకరణ బాగుంది, కానీ కన్సోల్‌లో కనపడిన అక్షరాల మీద ఆధారపడినది. లాగిన్ ప్రాంప్ట్ వచ్చే క్షణంలోనే కెర్నల్ ఒక మెసేజ్ వదిలితే రెండూ కలిసిపోయి, ప్రాంప్ట్ గుర్తుపట్టలేక టైమ్‌అవుట్ అవుతుంది. చూడటానికి కెర్నల్ వేలాడినట్టే ఉంటుంది. కన్సోల్ లాగ్ లెవెల్ తగ్గిస్తే ఇది చాలావరకు పోతుంది.

ఇంకో రక్షణ హెల్త్ చెక్. బాగా పనిచేస్తుందని తెలిసిన పాత కెర్నల్‌ని లావా ఆయా బోర్డుల మీద అప్పుడప్పుడూ బూట్ చేస్తుంది. అది కూడా ఫెయిలైతే తప్పు బోర్డుదేనని తేల్చి, దాన్ని పక్కన పెట్టి కొత్త జాబ్‌లు ఇవ్వదు. టక్స్‌రన్‌తో ఒంటరిగా పనిచేసేవాళ్లకి ఈ సౌకర్యం లేదు, మీరే చేయాలి: ఫెయిల్ చూడగానే పాత మంచి కెర్నల్‌ని అదే డివైస్ మీద ఒకసారి నడపండి.

వర్చువల్ డివైస్‌లకి కూడా ల్యాబ్ తప్పులు ఉంటాయి. కెర్నల్ మారలేదు, కంటైనర్ మారి క్యూఎము కొత్త వెర్షన్ వచ్చింది, నిన్న పాసైన టెస్టు ఇవాళ ఫెయిల్. అందుకే రిపోర్టు పంపేటప్పుడు క్యూఎము వెర్షన్ రాయండి. టక్స్‌రన్‌లో క్యూఎము ఇమేజ్‌ని ఒక వెర్షన్‌కి కట్టిపడేసే ఆప్షన్ ఉంది.

గిట్ బైసెక్ట్‌కి బోర్డు వాడాలా, వర్చువల్ డివైసా?

బైసెక్ట్ అంటే తప్పు తెచ్చిన కమిట్‌ని జాబితాని సగం సగం చేస్తూ వెతకడం. తప్పు క్యూఎములో కనిపిస్తే మరో ఆలోచన లేకుండా క్యూఎమునే వాడండి. వెయ్యి కమిట్ల మధ్య వెతకడానికి పది మెట్లు చాలు, ఒక్కో మెట్టుకీ బిల్డ్ ప్లస్ బూట్. బోర్డు మీదైతే ఆ పదింట్లో ఒక్కసారి కేబుల్ వదులై ఫెయిలైనా బైసెక్ట్ దారి తప్పి, పాపం ఏ సంబంధమూ లేని కమిట్ మీద నేరం మోపుతుంది. దీనికి మందు బైసెక్ట్‌లోనే ఉంది: స్క్రిప్ట్ 125 అనే కోడ్‌తో బయటికి వస్తే గిట్ ఆ కమిట్‌ని మంచిదనీ అనదు, చెడ్డదనీ అనదు, వదిలేసి పక్కది చూస్తుంది. బిల్డ్ ఫెయిల్, డౌన్‌లోడ్ ఫెయిల్, బోర్డు పలకకపోవడం, వీటన్నిటికీ 125 ఇవ్వండి. టెస్టు నిజంగా నడిచి ఓడిపోయినప్పుడే 1 ఇవ్వండి.

నా బోర్డు జాబితాలో లేదు. ఏం చేయాలి?

ముందు అదే చిప్ ఉన్న బోర్డు ఏదైనా ఉందేమో చూడండి, తరచుగా డివైస్ ట్రీ, లోడ్ అడ్రస్‌లు మారిస్తే సరిపోతుంది. లావాలో డివైస్ రకాలు జింజా2 టెంప్లేట్‌లుగా ఉంటాయి, యూ-బూట్ అనే బూట్‌లోడర్‌తో లేచే బోర్డైతే ఉన్న టెంప్లేట్ నుంచి వారసత్వంగా తీసుకుని కొన్ని లైన్లు రాస్తే చాలు. కానీ టెంప్లేట్ రాయడానికి ముందు ఆ పని అంతా చేతితో చేయండి: పవర్ తీసి ఇవ్వండి, బూట్‌లోడర్‌ని ఆపండి, టీఎఫ్‌టీపీతో కెర్నల్ తెచ్చి బూట్ చేయండి, లాగిన్ అవ్వండి. మీరు టైప్ చేసిన ఆ కమాండ్లే టెంప్లేట్‌లోకి వెళ్తాయి. చేతితో యాభైసార్లకి ఒకసారైనా మొరాయించే బోర్డుని ఆటోమేషన్ బాగుచేయలేదు.

మొదలుపెట్టే వాడిని. ఏవేవి పెట్టుకోవాలి?

ప్రతి ప్యాచ్‌కీ: 64 బిట్ల ఎక్స్86, 64 బిట్ల ఆర్మ్, 32 బిట్ల ఆర్మ్‌వీ7, ఎస్390. నాలుగూ క్యూఎమువే. రెండు ప్రధాన ఆర్కిటెక్చర్లు, ఒక 32 బిట్లది, ఒక బిగ్ ఎండియన్‌ది వచ్చేశాయి. మీ సీఐ (ప్రతి ప్యాచ్‌నీ దానంతట అదే టెస్ట్ చేసే) మెషీన్‌కి ఓపిక ఉంటే రిస్క్-ఫైవ్ కలపండి.

రాత్రిపూట: మిగతా వర్చువల్ డివైస్‌లు, పొడుగు టెస్టులు, కాసాన్ ఉన్న కాన్ఫిగ్.

బోర్డు మాత్రం మీ కోడ్ చివరికి ఏ హార్డ్‌వేర్ మీద నడవాలో అదే కొనండి, ఒకే మోడల్‌వి రెండు. ఒకటి ఫెయిలై రెండోది పాసైతే అనుమానం ముందు బోర్డు మీదకి పోతుంది. రెండూ ఒకే చోట పడిపోతే లాగ్ పట్టుకుని కెర్నల్ సోర్స్ తెరవచ్చు.